సోడియం దీపం పోయిన తేదీ

"ఈ భౌతికశాస్త్ర విభాగంలో వెలుగు ఏనాడూ ఆరలేదు, ఆరదు, ఆరబోదు!"

ఏటా కొత్త విద్యార్థులు చేరే రోజున హెడ్డుగారు పెద్ద హాల్లో మైకు ముందు నిలబడి ఈ మాట అనేవారు. అనగానే చప్పట్లు మోగేవి. అందరికంటే గట్టిగా మోగేవి టెంపరరీ మాస్టారివి. పర్మనెంటు వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నా ఉద్యోగం ఎక్కడికీ పోదు. టెంపరరీ మనిషికి అలా కాదు, అరచేతులు ఎర్రబడాలి. ఆయన పెళ్లికాక ముందు టెంపరరీగా చేరారు. ఇప్పుడు కూతురు బడికి వెళుతోంది. ఈ మధ్యలో ఆ విశ్వవిద్యాలయంలో తాత్కాలికంగా వేసిన సైకిళ్ల షెడ్డు కూడా పర్మనెంటు అయిపోయింది గానీ, మాస్టారు మాత్రం అలాగే ఉన్నారు.

హెడ్డుగారు చెప్పిన వెలుగు సంగతేమో గానీ, మాస్టారి చేతికింద ఉన్న సోడియం దీపం మాత్రం ఆరిపోయింది.

అది ఆప్టిక్స్ ల్యాబు వెనకాల చీకటిగదిలో ఒక చెక్కపెట్టెలో ఉండేది. పెట్టెకి ముందువైపు సన్నటి చీలిక. ఆ చీలిక ఎదురుగా స్పెక్ట్రోమీటర్. దాని గొట్టంలోంచి చూస్తే పక్కపక్కనే రెండు పసుప్పచ్చ గీతలు కనిపించాలి. అవి ఏ కోణంలో ఉన్నాయో కొలిచి లెక్కవేస్తే కాంతి తరంగదైర్ఘ్యం తేలుతుంది. మొదటి గీతకి ఐదువేల ఎనిమిదివందల తొంభై ఆంగ్‌స్ట్రాములు, రెండోదానికి ఐదువేల ఎనిమిదివందల తొంభై ఆరు. పాఠ్యపుస్తకంలో అలాగే ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో చదివిన ప్రతివాడి రికార్డులోనూ అలాగే ఉంది.

దీపం పోయిన తర్వాత ల్యాబు బాగుపడిందనే చెప్పాలి. వెలిగే రోజుల్లో ఒకడికి కాస్త ఎక్కువ, ఒకడికి కాస్త తక్కువ వచ్చి, ప్రతివాడూ "ఎందుకు సార్ ఇలా వచ్చింది?" అని ప్రాణం తీసేవాడు. దీపం ఆరిపోయాక ఆ గొడవే లేదు! అందరికీ అచ్చుగుద్దినట్టు ఒకే జవాబు. ప్రకృతి అడ్డు తప్పుకుంటే శాస్త్రం ఎంత సాఫీగా సాగిపోతుందో చూసి తీరాల్సిందే. "కొలతల్లో కచ్చితత్వం" అంటూ విశ్వవిద్యాలయం ఈ విభాగానికి ఓ షీల్డు కూడా ఇచ్చింది. అది హెడ్డుగారి బీరువా మీద, వచ్చేవాళ్లకి కనబడేలా ఉంది.

చీకటిగదికి ఒక మర్యాద ఉండేది. ఇద్దరిద్దరుగా లోపలికి వెళ్లాలి. తలుపు వేసుకోవాలి. బయటివాళ్లకి గౌరవం కలిగేంతసేపు కూర్చోవాలి. కొందరు కునుకు తీసేవారు, కొందరు కబుర్లు చెప్పుకునేవారు. ఒక జంట అక్కడే ప్రేమించుకుని పెళ్లి కూడా చేసుకుంది. వాళ్ల తరంగదైర్ఘ్యం కూడా సరిగ్గానే వచ్చింది. ఇవన్నీ మాస్టారికి తెలుసు. తెలిసినా తలుపు కొట్టేవారు కాదు.

ఆ ఏడు క్లాసులో ఓ పొడుగమ్మాయి చేరింది. ఆమె లోపలికి వెళ్లిన వెంటనే బయటికి వచ్చేసింది.

"సార్, లోపల లైటు వెలగట్లేదండీ."

ఆడపిల్ల నోట బూతుమాట విన్నట్టు అందరూ తలలు వంచుకున్నారు.

"వెలుగుతుందమ్మా. సోడియం దీపం కదా, వేడెక్కడానికి కాస్త టైము పడుతుంది," అన్నారు మాస్టారు.

అమ్మాయి మళ్లీ లోపలికి వెళ్లింది. పీరియడ్ అయిపోవస్తుండగా బయటికి వచ్చింది.

"ఇంకా చల్లగానే ఉందండీ. పెట్టె తెరిచి చెయ్యి పెట్టి చూశాను."

"ల్యాబులో వస్తువుల మీద చేతులు పెట్టకూడదు!"

"మరి ప్రయోగం ఎలా చెయ్యాలండీ?"

మాస్టారు హాజరుపట్టీ తెరిచి పేర్లు చూడసాగారు. పక్క బల్ల దగ్గరున్న క్లాస్‌మేట్ జాలిపడి ఆమెని పక్కకి పిలిచాడు. "ఏంటి నువ్వు, చిన్నపిల్లలా! చివర్నుంచి మొదలుపెట్టు. ముందు జవాబు రాసుకో. దాన్నుంచి కోణం లెక్క కట్టు. కోణం నుంచి రీడింగు వచ్చేస్తుంది. మరీ అనుమానం రాకుండా అక్కడక్కడ ఓ అంకె అటూ ఇటూ జరుపు. అంతే!"

"అందులో నేను కొలిచింది ఏముంది?"

"జవాబు ముందే తెలిశాక కొలవడం దేనికి?"

వాడికి అది నిజంగానే అర్థం కాలేదు పాపం. అమ్మాయి మాత్రం తన రికార్డులో రెండే వాక్యాలు రాసింది: దీపం వెలగలేదు. గీతలు కనిపించలేదు. ఆ ల్యాబులో ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరైనా కళ్లారా చూసి రాసిన మొట్టమొదటి పరిశీలన అది. రూలు ప్రకారం దానికి సున్నా వెయ్యాలి. సున్నా వస్తే ఆమెని పరీక్షకి రానివ్వరు, ఏడాది పోతుంది.

మాస్టారు ఎర్ర పెన్ను తీశారు. మూత పెట్టేశారు. మళ్లీ తీశారు. చివరికి అమ్మాయిని స్టాఫ్ రూముకి పిలిచారు.

"అందరూ రాసినట్టు నువ్వూ రాసెయ్యొచ్చు కదమ్మా. ఎందుకు పంతం?"

"పంతం ఏమీ లేదండీ. సార్, మీరెప్పుడైనా చూశారా ఆ గీతలు?"

మాస్టారు చూశారు. అదే గదిలో, అదే గొట్టంలోంచి, తాను విద్యార్థిగా ఉన్నప్పుడు. ముందు ఒకటే గీత కనిపించింది. మరను కొద్దిగా తిప్పగానే అది మెల్లగా రెండుగా విడిపోయింది. పుస్తకంలో రాసింది లోకంలో నిజంగా ఉంటుందని ఆయనకి తెలిసింది ఆ క్షణంలోనే. ఇంటికి వెళ్లి అమ్మకి చెబితే, "రెండు గీతలు చూడ్డానికా రోజూ బస్సెక్కి వెళ్తున్నావు?" అంది. ఆ రెండు గీతల కోసమే ఆయన ఫిజిక్సులో ఉండిపోయారు. ఇదంతా అమ్మాయికి చెప్పేశారు.

"నాకూ ఒక్కసారి చూపించండి సార్. చూస్తే రాసేస్తాను," అంది అమ్మాయి.

మాస్టారు ధైర్యం కూడగట్టుకుని హెడ్డుగారి గదికి వెళ్లారు.

"సార్, సోడియం దీపం కొత్తది ఒకటి తెప్పించాలి."

"పాతదానికి ఏమొచ్చింది?"

"పోయింది సార్."

హెడ్డుగారు గబగబా లేచి తలుపు మూశారు. "మెల్లగా మాట్లాడవయ్యా బాబూ! ఎప్పుడు పోయింది?"

"అదే సార్ తెలీదు..."

"తెలీదంటే కుదరదు. కొత్తది ఇవ్వాలంటే స్టోర్సు వాళ్లు ముందుగా అడిగేది పాతది పోయిన తేదీ. నిరుడు పోయిందన్నామనుకో, నిరుడు పాసైనవాళ్లు ఏం చూసి కొలిచినట్టు? అంతకు ముందేడు అన్నామనుకో, ఆ బ్యాచీలో ఇద్దరు మన దగ్గరే లెక్చరర్లు! ఇంకా వెనక్కి వెళ్లామనుకో..." హెడ్డుగారి చూపు బీరువా మీది షీల్డు వైపు వెళ్లింది.

"పోనీ, నిన్న పోయిందని చెబుదామా సార్?"

హెడ్డుగారు ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "నీలో ఈ తెలివి ఉందని ఇన్నాళ్లూ తెలీలేదయ్యా!"

మర్నాడు స్టోర్సు ఆఫీసరు స్వయంగా తనిఖీకి వచ్చాడు. సొంత చొక్కా గుండీ ఊడినా తేదీ రాసిపెట్టుకునే రకం. చీకటిగదిలో చెక్కపెట్టె తెరిచి టార్చి వేశాడు. దీపం చుట్టూ సాలెగూడు మెరిసింది. గాజు మీద దుమ్ము, దుమ్ము మీద సాలెగూడు, దాని మీద మళ్లీ దుమ్ము.

"నిన్న పోయిందన్నారు?"

"నిన్న సాయంత్రమండీ."

"ఈ సాలీడు నిన్న సాయంత్రం వచ్చినట్టు లేదే! పిల్లాపాపలతో కాపురం ఉంటోంది!"

"సాలీళ్లు చాలా తొందరగా కట్టేస్తాయి సార్."

"నాకు చెప్పకండి. మా స్టోర్సునిండా అవే. టెంపరరీ సాలీడేదో, పర్మనెంటు సాలీడేదో చూడగానే చెప్పగలను," అని టార్చి ఆర్పేసి వెళ్లిపోయాడు. మాస్టారికి ఆ సాలీడు మీద కాస్త అసూయ కలిగింది.

అలా సోడియం దీపం చచ్చిపోవడానికి అనుమతి దొరకలేదు. అనుమతి లేనప్పుడు అది వెలుగుతున్నట్టే లెక్క. వెలుగుతున్న దీపం కనబడటం లేదంటే తప్పు ఎవరిది? హెడ్డుగారు అమ్మాయిని విశ్వవిద్యాలయం ఆసుపత్రికి కంటి పరీక్షకి పంపించారు. అక్కడి డాక్టరమ్మ అన్ని అక్షరాలూ చదివించి, అద్దాలన్నీ మార్చి చూసి, "ఇంత మంచి కళ్లు నేనీ మధ్య చూళ్లేదు," అంది.

"విన్నావా!" అన్నారు హెడ్డుగారు మాస్టారితో. "కళ్లు మరీ అంత బాగుండటం ఏంటయ్యా? అదే ఆ పిల్ల జబ్బు!"

ఇంతలో ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఈసారి బయటినుంచి వచ్చే ఎగ్జామినరు సామాన్యుడు కాదు. కాంతి మీద లావుపాటి పాఠ్యపుస్తకం రాసిన పెద్దాయన. విద్యార్థులు ఆయన్ని పుస్తకంగారు అనే పిలుచుకునేవారు. సోడియం గీతల మీద అందులో ఒక అధ్యాయమే ఉంది. పైగా, టెంపరరీ వాళ్లని పర్మనెంటు చెయ్యడానికి వేసిన కమిటీలో కూడా ఆయనే సభ్యుడు.

"ఏం కంగారు పడకు," అన్నారు హెడ్డుగారు. "ఆ పెట్టెలో మామూలు బల్బు పెట్టి, పసుప్పచ్చ కాగితం చుట్టెయ్యి. పసుప్పచ్చగా కనబడాలి, అంతేగా?"

"మామూలు బల్బుకి గీతలు రావు సార్. రంగుల పట్టీ వస్తుంది. పుస్తకంగారు చూడగానే పట్టేస్తారు."

"పట్టుకోకుండా చూసుకో. ఆ అమ్మాయిని దారికి తెచ్చుకో. ఈ రెండూ జరిగితే నీ సంగతి నేను చూసుకుంటాను. జరక్కపోతే..." హెడ్డుగారు కిటికీలోంచి సైకిళ్ల షెడ్డు వైపు చూశారు. "ఎంతోమంది వస్తుంటారు, పోతుంటారు!"

ఆ సాయంత్రం మాస్టారు వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉస్సూరంటూ నిలబడ్డారు. భార్య గ్యాసు పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడకబెడుతూ, పక్కింటాయనకి ప్రమోషన్ వచ్చిన వైనం చెబుతోంది.

"ఏవండీ, ఇంతకీ ఈసారైనా మీది ఖాయమేనా? మా అక్కయ్య అడిగినప్పుడల్లా వచ్చే నెల, వచ్చే నెల అని చెప్పలేక చస్తున్నాను. అయ్యో, పొంగుతోంది! చూస్తూ నిలబడతారేంటి, కట్టెయ్యండి!"

గిన్నెలోంచి ఉప్పునీళ్లు పొంగి పొయ్యిమీద పడ్డాయి. నీలంగా ఉన్న మంట ఒక్కసారిగా పసుప్పచ్చగా లేచింది. మాస్టారు పొయ్యి కట్టలేదు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు.

"సోడియం!" అని అరిచారు.

"ఉప్పండీ! ఏమైంది మీకు?"

"ఉప్పే! ఉప్పులో ఉండేదే సోడియం! ఇంకొంచెం పొంగించు!"

భార్య ఆయన నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. మాస్టారు ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి చిటికెడు మంటలో వేశారు. పసుప్పచ్చ. మళ్లీ వేశారు. మళ్లీ పసుప్పచ్చ. కూతురు పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టింది. ఇన్ని రోజులుగా కొత్త దీపం ఎలా తెప్పించాలా అని తల బద్దలు కొట్టుకున్న భౌతికశాస్త్ర విభాగంలో ఒక్కరికైనా ఉప్పు గుర్తు రాలేదు! రావడం కష్టమే మరి. ఉప్పు స్టోర్సులో దొరికే వస్తువు కాదు.

పరీక్ష రోజున మాస్టారు కెమిస్ట్రీ వాళ్ల దగ్గర స్పిరిట్ దీపం అడిగి తెచ్చారు. చచ్చిన దీపాన్ని సాలీడుతో సహా మర్యాదగా పక్కన పెట్టి, చీలిక వెనకాల మంట వెలిగించి, తీగచుట్టకి ఉప్పునీళ్లు అద్ది అందులో ఉంచారు. గొట్టంలోంచి చూశారు. ఒక గీత. మరను తిప్పారు. రెండు! పాత స్నేహితులు తలుపు తట్టి వచ్చి కూర్చున్నట్టు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కాసేపు ఆయన ఉద్యోగం సంగతే మర్చిపోయారు.

విద్యార్థులు మాత్రం ఇబ్బంది పడ్డారు. "సార్, లోపల ఏదో వెలుగుతోంది. ఏకాగ్రత కుదరట్లేదు," అని ఫిర్యాదు చేశారు. వాళ్ల రీడింగులు ముందే ఇంటిదగ్గర తయారై ఉన్నాయి కాబట్టి ఎలాగో సర్దుకున్నారు. మాస్టారు సున్నా వెయ్యకుండా ఆపడంతో పరీక్షకి రాగలిగిన పొడుగమ్మాయి లోపలికి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"రెండున్నాయండీ!" అంది.

"అవునమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె లెక్కలో ఐదువేల ఎనిమిదివందల డెబ్బై నాలుగు, ఎనభై ఒకటి వచ్చాయి. పాత పరికరం, కొత్త చెయ్యి. అంత తేడా రావడమే నిజాయితీ. కాయితాల కట్ట చూస్తున్న పుస్తకంగారు అక్కడ ఆగిపోయారు.

"ఈ అమ్మాయికి ఇలా వచ్చిందేం? పదండి, నేను చూడాలి."

పుస్తకంగారూ మాస్టారూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. పుస్తకంగారు కళ్లజోడు తీసి గొట్టానికి కన్ను ఆనించారు. మరను అటూ ఇటూ తిప్పారు.

"ఇదేంటయ్యా... రెండున్నాయి!"

"రెండే కదండీ ఉండాల్సింది. మీ పుస్తకంలోనే..."

"రాశాననుకో. పుస్తకంలో రాయడం వేరు." ఆయన గొంతు తగ్గింది. "అంటే... నిజంగానే ఉంటాయన్నమాట!"

మాస్టారు ఉలిక్కిపడ్డారు.

"నేను చదువుకున్నచోట దీపం లేదు. పాఠం చెప్పినచోటా లేదు. ఎన్ని విశ్వవిద్యాలయాలకి ఎగ్జామినరుగా వెళ్లానో లెక్కలేదు, ఎక్కడా ఇలా కనబడలేదు. ఇంకొంచెం ఉప్పు వెయ్యి నాయనా," అన్నారు పెద్దాయన. ఆ గొంతులో చిన్నపిల్లాడి ఆశ వినిపించింది. మాస్టారు ఉప్పు వేశారు. పెద్దాయన ఆ గొట్టాన్ని వదలలేక వదలలేక వదిలారు. మాస్టారి చెయ్యి పట్టుకుని, "ఎంత బాగున్నాయయ్యా!" అన్నారు. ఇంకేం కావాలి! అమ్మాయి పాసైనట్టే, తన ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నారు మాస్టారు.

తలుపు తెరుచుకుంది. బయట హెడ్డుగారు గోళ్లు కొరుకుతూ నిలబడి ఉన్నారు. పుస్తకంగారు జేబురుమాలుతో కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. పెట్టుకోగానే ముఖం మళ్లీ పాఠ్యపుస్తకం అయిపోయింది.

"పరికరంలో లోపం ఉంది. ఆ అమ్మాయి రీడింగు తప్పు. మిగతా అందరివీ ఒప్పు."

"సార్!" అన్నారు మాస్టారు.

"ఇది ఒప్పైతే, నేను ఇన్నాళ్లూ సంతకం పెట్టినవన్నీ ఏమవ్వాలయ్యా?" అన్నారు పుస్తకంగారు, మాస్టారికి మాత్రమే వినబడేలా. తర్వాత గొంతు పెంచారు. "పైగా లోపల మంట పెట్టారు. చీకటిగదిలో మంట!"

"మంటా!" అని హెడ్డుగారు గుండెమీద చెయ్యి వేసుకున్నారు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముఖం మెల్లమెల్లగా విప్పారింది. "అయితే ఆ వేడికే దీపం పోయి ఉంటుంది! ఇవాళే! ఇప్పుడే! అబ్బ, తేదీ దొరికిందయ్యా!"

ఆ విధంగా, పరీక్ష రోజు దాకా నిర్విరామంగా వెలిగిన సోడియం దీపం టెంపరరీ మాస్టారి నిర్లక్ష్యానికి బలైపోయింది. స్టోర్సు ఆఫీసరు వచ్చి సంతాపం ప్రకటించినంత పనిచేసి, కొత్త దీపానికి ఆర్డరు పెట్టాడు. సాలీడు ప్రసక్తి ఎవరూ తేలేదు. పొడుగమ్మాయి కొత్త దీపం వచ్చాక మళ్లీ పరీక్ష రాయాలని తేల్చారు. మాస్టారి మీద శాఖాపరమైన విచారణ జరపాలని నిర్ణయించారు.

చిక్కు అక్కడే వచ్చింది. విశ్వవిద్యాలయం రూళ్ల ప్రకారం విచారణ పర్మనెంటు ఉద్యోగుల మీదే జరపాలి. టెంపరరీ వాళ్లని ఊరికే పొమ్మనొచ్చు గానీ విచారించకూడదు. పొమ్మంటే దీపం కేసు విచారణ లేకుండా మూతపడుతుంది. కేసు మూతపడితే కొత్త దీపం ఆర్డరు రద్దవుతుంది. ఆర్డరు రద్దయితే పాత దీపం మళ్లీ వెలుగుతున్నట్టు లెక్క! హెడ్డుగారు రెండు రోజులు తల పట్టుకున్నారు. మూడో రోజు మాస్టారిని పిలిచి, పళ్లు నూరుతూ, పర్మనెంటు చేసినట్టు చెప్పారు.

"విచారణ కోసమే సుమా! సంతోషపడకు!" అని గట్టిగా చెప్పారు.

భార్య ఆ కబురు విని కుర్చీలో కూలబడిపోయింది. "ఏదైనా పాడుచేస్తే గానీ ఉద్యోగం ఖాయం చెయ్యరని ముందే తెలిస్తే, పెళ్లైన కొత్తలోనే ఏదో ఒకటి పగలగొట్టేవాళ్లం కదండీ!" అంది. వాళ్ల అక్కయ్యకి ఫోను చేసింది. ఇరుగుపొరుగు వాళ్లకి మిఠాయిలు పంచింది. ఎన్నో ఏళ్ల తర్వాత మాస్టారు ఆ రాత్రి కంటినిండా నిద్రపోయారు.

కొత్త దీపం వచ్చింది. దాన్ని ప్రారంభించడానికి వీసీగారే స్వయంగా వస్తానన్నారు. దీపానికి జరిగిన నష్టం మీద మాస్టారిని క్షమించి విచారణ ముగించే కాయితం మీద కూడా ఆ సందర్భంగానే సంతకం పెడతానన్నారు. పుస్తకంగారు ముఖ్య అతిథి. చీకటిగది కడిగి, గోడలకి రంగు వేసి, తలుపుకి రిబ్బను కట్టారు. దీపాన్ని కొత్త చెక్కపెట్టెలో అమర్చారు. కొత్త ప్లగ్గు పాత సాకెట్టులో వదులుగా ఉంది, ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. మాస్టారు పొడుగమ్మాయిని ఆ పనికి పెట్టారు. "ప్రారంభం అయిపోగానే నీ పరీక్ష పెట్టేస్తారమ్మా. గోడ పక్కన నిలబడు. వీసీగారి ప్రసంగం అయ్యాక, నేను చెప్పగానే పెట్టు. దీపం వేడెక్కేదాకా ఆయన్ని నేను మాటల్లో పెడతాను," అన్నారు.

ప్రసంగం అయింది. రిబ్బను తెగింది. ఫోటోలవాడు అడ్డం పడ్డాడు, జనం తోసుకొచ్చారు, మాస్టారు గుంపు వెనక చిక్కుకుపోయారు. వీసీగారు నేరుగా వెళ్లి గొట్టానికి కన్ను ఆనించేశారు.

"అద్భుతం!" అన్నారు వీసీగారు. "ఏం పసుపండీ! కళ్లు చెదిరిపోతున్నాయి!"

హెడ్డుగారు ఆత్రంగా వంగారు. "ఆహా! రెండూ విడివిడిగా, ముద్దుగా ఉన్నాయి సార్! మన విభాగంలో వెలుగు ఆరదని నేను ఏనాడో చెప్పాను!"

పుస్తకంగారి వంతు వచ్చింది. ఆయన ఒకసారి చూశారు. తల తిప్పి హెడ్డుగారి వైపు, వీసీగారి వైపు చూశారు. మళ్లీ గొట్టంలోకి చూశారు. కళ్లజోడు సర్దుకున్నారు. "అవును," అన్నారు మెల్లగా. "సరిగ్గా నా పుస్తకంలో ఉన్నట్టే."

"ఏరీ మన మాస్టారు? రండి రండి! ఇదంతా మీ పుణ్యమే కదా, మీరూ చూడండి!" అని వీసీగారు నవ్వుతూ పిలిచారు. సంతకం పెట్టాల్సిన పెన్ను ఆయన చేతిలోనే ఉంది.

మాస్టారు వంగి చూశారు. చిమ్మచీకటి. గీత లేదు, గీత నీడ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ప్లగ్గు పెట్టమని తాను అమ్మాయికి చెప్పనేలేదు! ఒక్క మాట చాలు. "ఒక్క నిమిషం సార్" అంటే చాలు. కానీ ఆ మాట అంటే, వీసీగారు చూసిన పసుపు ఏమవ్వాలి? హెడ్డుగారి వెలుగు ఏమవ్వాలి? ఆ చీకట్లో మాస్టారికి భార్య పంచిన మిఠాయిలు కనబడ్డాయి. ఫోనులో వాళ్ల అక్కయ్య గొంతు వినబడింది. గీతలు మాత్రం కనబడలేదు.

"ఏమంటారు మాస్టారూ?" అన్నారు వీసీగారు.

"స్పష్టంగా ఉన్నాయి సార్. రెండూ," అన్నారు మాస్టారు.

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక, గోడ పక్కనుంచి పొడుగమ్మాయి గొంతు మర్యాదగా వినబడింది.

"సార్, ప్లగ్గు ఇంకా నా చేతిలోనే ఉందండీ. పెట్టమంటారా?"

మాస్టారు గొట్టం మీదనుంచి కన్ను తియ్యలేదు. తీస్తే ఆమె వైపు చూడాల్సి వస్తుంది.